అక్క చెప్పిన వచనం, ఫోను చదివిన వచనం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇండెక్సు పుస్తకాల మధ్యే బతికాను. పొలం కొనబోయే మనిషి, దాని మీద తాకట్టు ఏమైనా ఉందా, ఇంతకుముందు ఎవరికైనా అమ్మేశారా అని తెలుసుకోవడానికి ఈసీ అనే ధ్రువపత్రం కోసం వస్తాడు. అప్పుడు మేము దస్తావేజుల సంపుటాలన్నీ తిరగేయం. ఇండెక్సు తీస్తాం. పేరు దగ్గరో సర్వే నంబరు దగ్గరో వేలు పెడితే, ఏ సంపుటంలో ఏ పేజీకి పోవాలో అది చెబుతుంది. ఆ పనిని మేము సెర్చి అనేవాళ్లం. చిత్తూరు ఆఫీసుకు కంప్యూటరు రాకముందు నుంచే మాకు ఆ మాట ఉంది.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. డైరీ రాయడం నాకు కాలేజీ రోజుల నుంచి ఉన్నదే. ఉద్యోగంలో చేరాక, ప్రతి డిసెంబరు చివర్లో కూర్చుని ఆ ఏటి డైరీ వెనక పేజీల్లో అక్షర క్రమంలో ఇండెక్సు రాసుకోవడం మొదలుపెట్టాను. బోరు మోటారు ఎప్పుడెప్పుడు కాలిందో, అల్లుడు ఏ నెలలో అలిగాడో నన్నడిగితే నిమిషంలో చెప్పగలను. ఇందుకు మా ఇంట్లో నాకు దొరికిన గౌరవం తక్కువే. కానీ ఆ అలవాటు ఒకరికి పనికొచ్చింది. ఆమె మా అక్క.

మా అక్క మిషన్ ఎలిమెంటరీ బడిలో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరై, బంగారుపాళ్యంలో స్థిరపడింది. నాకు అక్షరాలు దిద్దబెట్టింది ఆమే. తొడపాశం పెట్టింది కూడా ఆమే. రిటైరైన ఏటి నుంచి ప్రతి గురువారం సాయంత్రం ఆమె స్త్రీల కూడిక నడుపుతోంది. కూడిక అంటే ఒకరింట్లో పదీ ఇరవై మంది ఆడవాళ్లు చేరి పాడుకుని, వాక్యం చదువుకుని, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసుకోవడం. మామిడికాయల కాలంలో వాళ్లలో సగం మంది హైవే పక్కన గుజ్జు ఫ్యాక్టరీల్లో పనికి పోతారు. షిఫ్టు దిగి, చేతులకు ఆ పండు వాసన పోకుండానే వచ్చి కూర్చుంటారు. అక్క కూడిక అంటే వాళ్లకు అంత ఇష్టం.

అక్కకు కళ్లలో నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చాయి. తిరుపతిలో చూపించాం. మిగిలిన చూపును కాపాడుకోవడానికి చుక్కల మందు ఉంది గానీ, పోయింది తిరిగి రాదన్నారు. మెల్లమెల్లగా ఆ మిగిలింది కూడా పోయింది. బైబిలు ఆమెకు నోటికి వచ్చు. అయితే ఆమెకు గుర్తుండేది మాటలు, అధ్యాయాల నంబర్లు కావు. ఇన్నాళ్లూ చేత్తో పేజీలు తిప్పుతూ, ఫలానా వచనం ఎడమ పక్క పేజీలో కింద ఉంటుందని గుర్తు పెట్టుకుని పట్టేసేది. చూపు పోయాక రెండు మాటలు చెప్పి వెతకమంటే, ఆడవాళ్లు తలా ఒక పుస్తకం పట్టుకుని తిప్పుతూ కూర్చునేవాళ్లు. దొరికేసరికి కూడికలో సగం పొద్దు పోయేది. పిల్లలు ఏడుపు లంకించుకునేవాళ్లు.

అప్పుడే సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు కుర్రవాడు. మంచివాడే. ఆయన అక్క ఇంటికి వచ్చి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని, కూడికను ఇంకొకరికి అప్పగిద్దామని మెత్తగా చెప్పి వెళ్లాడు. మరుసటి రోజు అక్క నాకు ఫోను చేసింది. ఏడవలేదు, తిట్టలేదు. "ఒరే, నీ సెర్చి నాకు పనికొస్తాదేమో సూడు" అంది. అంతే.

రిటైరయ్యాక నేను ఒక బైబిలు అధ్యయన సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో తీరిక వేళల్లో కలిసి రాస్తారు. అది ఎలా రాశారో ఎవరైనా చూడవచ్చు, తప్పుంటే చెప్పవచ్చు, చేతనైతే దిద్దవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే. నెట్టు లేని చోట కూడా పనిచేస్తుంది. దానిలో తెలుగు బైబిలు వేసుకుని, ఏదైనా మాట వెతకబోతే మొదటిసారి అది ఒక సంగతి అడుగుతుంది: ఈ పుస్తకానికి ఇంకా ఇండెక్సు తయారు కాలేదు, చెయ్యమంటారా? చెయ్యమంటే, మొదటి వచనం నుంచి చివరి వచనం దాకా ప్రతి మాటనూ ఎత్తి, అది ఎక్కడెక్కడ వస్తుందో రాసి పెట్టుకుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు మా ఆఫీసులో కుర్చీ గుర్తొచ్చింది. మేము ఏళ్ల తరబడి చేసిన పని అది కళ్ల ముందే చేసుకుపోతోంది. ఆ రోజు నేను దాన్ని చూస్తూ కూర్చుంటే, మా ఇంటావిడ కాఫీ ఇస్తూ, "ఆఫీసులో జనాల పొలాలు సెర్చి చేసింది సాల్లేదా, ఇంక దేవుణ్ణి గూడా పట్టుకున్నావా" అంది.

అక్క కోసం నేను చేసిన ఏర్పాటు ఇది. కూడికకు వచ్చే ఆడవాళ్ల ఫోన్లలో ఆ సాఫ్ట్‌వేర్ వేయడం. అక్క రెండు మాటలు చెబితే ఎవరో ఒకరు వాటిని ఫోన్లో కొడతారు. ఫోను వచనాన్ని చూపించి, పైకి చదువుతుంది కూడా. వాళ్ల చేతుల్లో ఉండే అచ్చు బైబిలుకు సరిపోయే పాఠాన్నే ఏరి ఫోన్లలో వేశాను. ఒక్కటే చిక్కు. చిన్న ఫోన్లలో ఇండెక్సు తయారు కావడానికి చాలాసేపు పడుతుంది. ఫోను వేడెక్కుతుంది. మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు, ఈమె ఎత్తుతుంది, పని ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. రెండు మూడు ఫోన్లతో అవస్థ పడి, నాకు తోచిన ఉపాయం చేశాను. నా ల్యాప్‌టాప్‌లో తెలుగు బైబిలుకు ఇండెక్సు ముందే ఉంది. దాన్నే అందరి ఫోన్లలోకి కాపీ చేశాను. అర్ధపూటలో పని అయిపోయింది. నేను ఒకటి రెండు మాటలు వెతికి చూశాను, సరిగ్గా దొరికాయి. ఆ రోజు డైరీలో 'పని పూర్తి' అని రాసి కింద గీత కూడా గీశాను.

గురువారం నేను కూడా వెళ్లాను. పాస్టరు వచ్చాడు. మగవాళ్లం ఇద్దరం వసారాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. లోపల చాప మీద ఆడవాళ్లు. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది. కూడిక పెట్టుకున్న ఆ ఇంటి కోడలు ఫోను పట్టుకుని అక్క పక్కన చేరింది. మొదట అందరికీ తెలిసిన కాపరి కీర్తన అడిగింది అక్క. ఫోను తడుముకోకుండా చదివింది. ఆడవాళ్లు స్తోత్రం అన్నారు. నేను పాస్టరు వైపు చూడకుండా కూర్చోవడానికి కష్టపడ్డాను.

ఆ గుంపులో ఒకామెకు కడుపులో గడ్డ. రెండు వారాల్లో తిరుపతిలో ఆపరేషను. భయంతో ఆమెకు అన్నం దిగడం లేదని అందరూ చెప్పుకుంటున్నారు. అక్క ఆమె చెయ్యి తడిమి పట్టుకుని, ఎంతమంది మీదికొచ్చినా బెదరనని చెప్పే వచనం ఆమె కోసం చదివించాలనుకుంది.

"పదివేలమంది, భయపడను. ఆ రెండు మాటలూ కొట్టు మే" అంది కోడలితో.

కోడలు కొట్టింది. ఫోను గొంతు సవరించుకున్నట్టు ఒక క్షణం ఆగి, గట్టిగా, దుర్మార్గుల పళ్లు విరగ్గొట్టే వచనం చదివింది.

ఆపరేషను ఆమే మెల్లగా అంది, "నాకు కోసేది కడుపు గదా పెద్దమ్మా. పండ్లు యాల ఇరగ్గొడతారు?"

ఇల్లంతా ఒక్కసారిగా నవ్వు. ఆమె కూడా నవ్వింది, అది ఒక మేలు. అక్క నవ్వలేదు. అది కాదు, దాని ముందరిది చదవమంది. ముందరి వచనం తీస్తే, నిజమే, అక్క అడిగింది అదే. తర్వాత దేవుని మంచితనం రుచి చూడమనే వచనం అడిగితే మళ్లీ దాని తర్వాతిది వచ్చింది. సామెతల్లో అడిగినవి సరిగ్గా వచ్చాయి. కీర్తనల్లో కొన్ని వచ్చాయి, కొన్ని తప్పాయి. ప్రతిసారీ అక్క "ముందరిది, ముందరిది" అనడం, కోడలు పైకీ కిందికీ జరపడం. ఒక్కోసారి రెండు వచనాలు వెనక్కి పోవాల్సి వచ్చింది. అలసిపోయి వచ్చిన ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడసాగారు. చివరి పాట ఎవరూ గట్టిగా పాడలేదు.

పాస్టరు అక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడు. ఆమె జ్ఞాపకంలో లోపం ఏమీ లేదన్నాడు. కానీ ప్రతి వచనానికీ ఇట్లా తడుముకుంటే కూడిక నిలవదన్నాడు. వచ్చే గురువారం కూడా చూద్దాం, అప్పటికీ కుదరకపోతే కూడికను ఇంకొకరు నడుపుతారు, మీరు కూర్చుని వినండి అన్నాడు. అక్క సరేనంది. మేమిద్దరమే మిగిలాక నా వైపు తిరిగింది.

"నలుగుర్లో నన్ను నవ్వులపాలు సేసినావు గదరా."

నేను చిత్తూరు బస్సు ఎక్కలేదు. ఆ రాత్రి అక్క ఇంట్లోనే పడుకుని, తెల్లారి ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాను. పని మొదలుపెట్టాం. ఆమె మాటలు చెప్పడం, నేను ఫోన్లో వెతకడం, వచ్చింది సరైనదా కాదా అని కాగితం మీద రెండు వరుసల్లో రాసుకోవడం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో లెక్క తప్పితే వెతికే పద్ధతి అదే. తప్పును తరమకూడదు. ఒప్పునూ తప్పునూ పక్కపక్కన పెట్టి, ఆ రెంటి మధ్య తేడా ఏమిటో చూడాలి. మధ్యాహ్నం దాకా చేశాం. అక్కకు విసుగు పుట్టలేదు. బడిలో డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో మాట విడదీసి చెప్పింది. మధ్యలో ఒకసారి, "నిన్నప్పుడే బాగా కొట్టి ఉండాల్సింది" అని మాత్రం అంది.

కాగితం నిండేసరికి తేడా కనిపించింది. తప్పులన్నీ కీర్తనల్లోనే. అక్కడ కూడా కొన్నిట్లోనే. అవన్నీ పైన పొడుగాటి శీర్షిక ఉన్న కీర్తనలు. ఈ కీర్తన ఎవరిది, ఏ సందర్భంలో పాడినది, ఏ వాయిద్యం మీద పాడాలి అని మొదట్లో ఉంటుందే, ఆ శీర్షిక. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి ఫోను పక్కన పెట్టి అదే కీర్తన తెరిచాను. ల్యాప్‌టాప్‌లో ఉన్నది వేరే కూర్పు. మాటకు మాట ఒకటే. కానీ ఆ కూర్పులో శీర్షికకే ఒకటో నంబరు వేశారు. ఇంకొన్ని కీర్తనల్లో శీర్షిక రెండు నంబర్లు మింగింది. ఫోన్లో ఉన్న కూర్పులో శీర్షికకు నంబరే లేదు. నా ఇండెక్సు ఏడో వచనానికి పొమ్మంటోంది. ఫోను పాపం చెప్పినట్టే ఏడుకు పోతోంది. అక్క అడిగింది అక్కడ ఆరులో కూర్చుని ఉంది.

ఒక సంపుటం ఇండెక్సు తీసుకొచ్చి ఇంకో సంపుటానికి కుట్టేశాను. కొత్తగా చేరిన గుమాస్తా ఎవడైనా ఆ పని చేసి ఉంటే, వాడికి ఆ రోజు టీ కూడా ఇప్పించేవాణ్ని కాదు. అయినా నాకు బాధ కంటే సంతోషమే ఎక్కువ కలిగింది. పట్టుకున్నాం గనక. అక్కకు వివరంగా చెప్పాను. "అంటే ఎవురి పుస్తకానికి వాళ్లే సూచిక రాసుకోవాల" అంది. అంతే అక్కా అన్నాను.

మిగిలింది ఫోన్లతో రాయించడం. అందుకు అక్కే దారి చూపింది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి పక్క రేకుల షెడ్డులో బల్ల వేయించి, ఆడవాళ్లందరి ఫోన్లూ వరసగా పెట్టించింది. ఎక్స్‌టెన్షన్ బోర్డులు తెచ్చి చార్జింగు పెట్టాం. నేను ఒక్కో ఫోన్లో నా ఇండెక్సు తీసేసి, దాని పుస్తకానికి కొత్త ఇండెక్సును అదే తయారుచేసుకునేలా నొక్కుకుంటూ పోయాను. అక్క బల్ల చివర కుర్చీ వేసుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంది. పూర్తయ్యేదాకా ఎవరూ ఫోను ముట్టుకోకూడదని ఆజ్ఞ. ఆడవాళ్లు చుట్టూ చేరి, ఎవరి ఫోను ముందు పోతోంది, ఎవరిది వెనకబడింది అని పందెంలా చూస్తున్నారు. మధ్యలో ఒక ఫోను మోగింది. ఫ్యాక్టరీ మేస్త్రీ. ఆ ఫోను మనిషి చెయ్యి చాపేలోగా నేను ఎత్తి అక్క చెవి దగ్గర పెట్టాను.

"ఆ ఫోను పనిలో ఉండాదప్పా" అంది అక్క. "అయినాక ఆయమ్మే సేస్తాది. పెట్టేయ్."

మేస్త్రీ పెట్టేశాడు. అతడు కూడా చిన్నప్పుడు అక్క దగ్గర చదివినవాడేనట.

ఆ మోత వల్ల ఆగిన ఫోన్లో పని మళ్లీ మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఎండ వాలేసరికి అన్నీ అయ్యాయి. ఒక్కో ఫోన్లో నా కాగితం మీది తప్పుల వరుస మొత్తం వెతికి చూశాను. ఒక్కటీ తప్పలేదు.

గురువారం పాస్టరు ముందే వచ్చి కూర్చున్నాడు. ఆపరేషనుకు పోయే ఆమె అక్క పక్కనే చోటు పట్టుకుంది. "ఈ తూరి నా పండ్ల జోలికి రాదు గదా" అని ఫోనును చూస్తూ అడిగింది. అక్క కోడలికి అవే మాటలు చెప్పింది, పదివేలమంది, భయపడను. అయితే ఈసారి అక్క ఫోను కోసం ఆగలేదు. కోడలు అక్షరాలు నొక్కుతుండగానే, ఆపరేషను ఆమె తల మీద చెయ్యి పెట్టి, బడిలో పద్యం చెప్పే గొంతుతో వచనం అంతా చెప్పేసింది. అక్క ముగించిన తర్వాత ఫోను అదే వచనాన్ని, అవే మాటలతో, మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆపరేషను ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత అదే పద్ధతి అయింది. ముందు అక్క చెబుతుంది, వెనక ఫోను చదువుతుంది. దస్తావేజు రాసిన తర్వాత సాక్షి సంతకం పెట్టినట్టు. కూడిక అయ్యాక పాస్టరు అక్కతో, ఇంకొకరి మాట ఇక ఎత్తనన్నాడు. నెమ్మదిగా, తనకు కూడా కొన్ని వచనాలు ఆ పద్ధతిలో నేర్పించమని అడిగాడు. ముందు నోటికి పట్టు, ఫోను తర్వాత అంది అక్క. తిరుపతి పోయిన ఆమె ఆపరేషను బాగా జరిగి, నెల తిరక్కుండానే చాప మీద తన చోటికి వచ్చింది.

ఇంతటితో ఆపేస్తే నా డైరీ పద్ధతి కాదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాశాను. తప్పు నాదే, కానీ నా వంటి వాళ్లు ఇంకా ఉంటారు, ఒక పుస్తకం ఇండెక్సు ఇంకో పుస్తకం మీద పెడితే మీ యంత్రం నోరు మెదపకుండా ఎందుకు ఒప్పుకుంది అని అడిగాను. వాళ్లలో ఒకాయన జవాబు రాశాడు. నేను అడిగింది న్యాయమేనట. కొన్నాళ్లకు దిద్దారు కూడా. ఇప్పుడు ప్రతి ఇండెక్సు లోపల అది ఏ పుస్తకానిదో గుర్తు ఉంటుంది. పొసగకపోతే ఫోను వెతకదు, మనకు చెబుతుంది. ఆ చెప్పే మాట తెలుగులో మీరే రాసివ్వండి అన్నారు.

నేను రాసి అక్కకు చదివి వినిపించాను: "దయచేసి గమనించగలరు. ప్రస్తుతం వినియోగంలో ఉన్న సూచిక ఈ గ్రంథపాఠమునకు సంబంధించినది కాదని ఇందుమూలంగా తెలియజేయడమైనది."

అక్క నుదురు కొట్టుకుంది. "ఇది దస్తావేజా, తెలుగా? ఫోను పట్టుకున్న ఆడమనిషికి అర్థం కావల్ల." తానే చెప్పింది, నేను రాసుకున్నాను: "ఈ సూచిక వేరే పుస్తకానిది. ఈ పుస్తకానికి కొత్తది తయారు చేసుకోండి." అదే పంపాను. వాళ్లు అదే పెట్టారు. ఇప్పుడు తెలుగు ఎంచుకున్న ఏ ఫోన్లో అయినా ఆ మాట మా అక్కది.

మొన్న ఒక గురువారం నేను వెళ్లినప్పుడు, ఒకామె కొత్త ఫోను తెచ్చింది. ఆమె కొడుకు దానిలో ఎక్కడి నుంచో అన్నీ కాపీ చేసి ఇచ్చాడట. అక్క ఒక వచనం చెప్పి ముగించింది. ఆమె తన ఫోన్లో ఆ మాటలు కొట్టింది. ఫోను వచనం చదవలేదు. తెర మీద రెండు వాక్యాలు చూపించి, వాటినే పైకి చదివింది. ఈ సూచిక వేరే పుస్తకానిది. ఈ పుస్తకానికి కొత్తది తయారు చేసుకోండి.

ఆడవాళ్లంతా అక్క వైపు తిరిగారు. అక్క వీపు గోడకు ఆనించి నిటారుగా కూర్చుంది.

"నేను సెప్పిందే అది" అంది. "దాని పని దాన్ని సేసుకోనీ. అంతలోకి మనం తర్వాతిది సూస్తాం."

ఫోనును కిటికీలో పెట్టారు. అది తన ఇండెక్సు తాను రాసుకుంటూ ఉండగా, అక్క తర్వాతి వచనం అందుకుంది.